డబ్బా ముట్టని మేస్త్రి

ముత్తెన్న ఏ ఇంజన్ దగ్గరికి వచ్చినా మొదట చేసేది ఒకటే. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని కుడిచెవి వెనక ఎముకకు నొక్కిపట్టి కళ్లు మూసుకుంటాడు. ఎడమ చెయ్యి పైకి లేస్తుంది. ఆ చెయ్యి లేచిందంటే చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడకూడదు. ఇంజన్ యజమాని అయినా సరే, ఊరి పటేలు అయినా సరే. ఎవరైనా నోరు విప్పితే స్క్రూడ్రైవర్ తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. ఆ రోజుకు ఆ ఇంజన్‌ను మళ్లీ ముట్టడు.

విన్న తర్వాత కళ్లు తెరిచి యజమాని వైపు చూస్తాడు. ఇంజన్ వైపు చూడడు.

"ఎన్ని దినాలాయె గిట్ల కొట్టవట్టి?"

"నిన్నటి సంది మేస్త్రీ."

"నిన్నటి సంది నువ్వు అబద్ధమాడవట్టినవు. ఇంజన్ రెండు నెలల సంది చెప్తున్నది."

రైతులు తలవంచుకుని నవ్వేవాళ్లు. నవ్వకపోతే ఇంకో మాట పడాల్సి వస్తుందని తెలుసు. అతని నోటికి భయపడి వేరే మేస్త్రి దగ్గరికి వెళ్లినవాళ్లు కూడా చివరికి ఇతని దగ్గరికే వచ్చేవాళ్లు. అప్పుడు ఆ వెళ్లిన సంగతి కూడా కలిపి తిట్టేవాడు.

పోచంపాడ్ దగ్గర డ్యాం కడుతున్న కాలంలో ముత్తెన్న కంప్రెసర్ల మీద పనిచేశాడు. రాళ్లు పేల్చే చోట మాట వినపడాలంటే అరవాలి. అంత మోతలో ఒక వాల్వు చప్పుడును విడిగా వినడం అతను అక్కడే నేర్చుకున్నాడు. డ్యాం పూర్తయింది. వినడం, అరవడం రెండూ అతనితోనే ఆర్మూర్ వచ్చాయి. ఎనభై రెండులో నిజామాబాద్ రోడ్డు మీద నాలుగు రేకులు వేసి షెడ్డు పెట్టాడు. ట్రాక్టర్లు, బావుల మీది ఆయిలింజన్లు, పసుపు పాలిష్ డ్రమ్ములు తిప్పే ఇంజన్లు అతని పని.

రోడ్డుకు అవతల పక్క పాండురంగం దుకాణం. ఆయిళ్లు, ఫిల్టర్లు, బెల్టులు అమ్ముతాడు. మెత్తగా మాట్లాడే మనిషి. తెల్ల చొక్కా మీద ఎప్పుడూ ఒక్క చుక్క మరక కనిపించదు. నూనెలు అమ్మే మనిషికి మరక లేకపోవడమే ముత్తెన్నకు మొదటి కోపం.

రెండో కోపం డబ్బా.

ఇంజన్ ఆయిల్‌కు నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగినకొద్దీ ఆయిల్ చిక్కబడుతుంది. ఇంజన్ లోపల బేరింగు అరిగితే దానికీ అందులో తిరిగే ఇరుసు, అంటే క్రాంకుకూ, మధ్య సందు పెరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఇనుము ఇనుమును కొడుతుంది. ఆ చప్పుడే ఊళ్లో అందరూ ఇంజన్ కొడుతున్నది అంటారు. నలభై నంబరు పోసే ఇంజన్‌లో యాభై పోసి, పైన ఒక డబ్బా మందు పోస్తే, ఆ చిక్కదనం సందులో నిలబడి దెబ్బను మెత్తబరుస్తుంది. చప్పుడు తగ్గుతుంది. సందు తగ్గదు.

ఎనభై అయిదు ప్రాంతంలో పాండురంగం ఈ డబ్బాలను దుకాణం ముందు వరుసలో పేర్చాడు. అప్పటినుంచి అదొక తిరుగుడు. రైతు ఇంజన్ కొడుతున్నదని దుకాణానికి వెళ్తాడు. డబ్బా పోస్తాడు. నెల తర్వాత అదే ఇంజన్ ఎడ్లబండి మీద ముత్తెన్న షెడ్డుకు వస్తుంది. ముత్తెన్న అడుగు బోల్టు విప్పి, జారిన ఆయిల్‌ను అరచేతిలో పట్టి, రోడ్డు వైపు తిరిగి, అవతలి దుకాణానికి వినపడేటట్టు అనేవాడు.

"సూడున్రి. బూరెల పాకం. సేటు పండుగ జేసిండు."

పాండురంగం తలెత్తకుండా జవాబిచ్చేవాడు. "చప్పుడుతోని పరేషాన్ ఉన్నోడొస్తే చప్పుడు తీసే దవ ఇస్త. నీ లెక్క కడుపు కోసి సూపియ్య."

"నువ్వు కడుపు నొప్పికి నోట్ల గుడ్డలు కుక్కుతవు."

"నొప్పి తక్కువైందనే మల్ల వస్తున్నరు."

"మల్ల వచ్చేది నీ తాన గాదు, నా తాన."

"మంచిదే గద. నేను లేకుంటే నువ్వేం తింటవు?"

 ఒకసారి ఈ చివరి మాట విని ముత్తెన్న ఒక రైతు చేతిలోంచి డబ్బా లాక్కుని రోడ్డు మీద విసిరికొట్టాడు. లారీ ఎక్కి అది పగిలింది. మూడు రోజులు రోడ్డు మీద ఆ మరక ఉంది. ఆ తర్వాత ముత్తెన్న ఒక నియమం పెట్టుకున్నాడు. డబ్బా పోసిన ఇంజన్‌ను విప్పడానికి ముందు యజమాని అక్కడ ఉన్న అందరి ముందూ చెప్పాలి, డబ్బా నేనే పోసిన అని. చెప్పేదాకా పానా ముట్టడు. పెద్ద పెద్ద రైతులు కూడా రోడ్డు పక్కన నిలబడి ఆ మాట చెప్పుకున్నారు. ఊళ్లో అతనికి డబ్బా ముట్టని మేస్త్రి అని పేరు వచ్చింది. ఆ పేరు అతనికి ఇష్టమని ఎవరికీ తెలియదు, భార్య మంగవ్వకు తప్ప.

తొంభై ఒకటి ఫిబ్రవరిలో గంగమణి అతన్ని పిలవడానికి వచ్చింది.

గంగమణికి మామిడిపల్లి దారిలో ఒక కల్లం, కల్లంలో పసుపు పాలిష్ డ్రమ్ము, దాన్ని తిప్పడానికి ఎనిమిది హార్స్‌పవర్ ఆయిలింజన్ ఉన్నాయి. భర్త పోయి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా తనే నడుపుతున్నది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములు రైతులు బస్తాల్లో తెస్తారు. డ్రమ్ములో పోసి తిప్పితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు రాలి, రంగు తేలుతుంది. ఆ రంగు చూసే మార్కెట్లో ధర కడతారు.

ఆమె షెడ్డు ముందు నిలబడి నమస్కారం పెట్టలేదు.

"ఇంజన్ కొడ్తున్నది. వచ్చి సూడు."

"మాపటికి సూస్త."

"ఇప్పుడు సూడు. డ్రమ్ముల పసుపున్నది."

"నీ పసుపుకు నేనేమన్న జీతగాన్నా?"

"జీతగాడైతే పిలుస్తుంటినా? చెప్తుంటి."

ముత్తెన్న సైకిల్ తీశాడు. ఆమె ముందు నడిచింది.

కల్లంలో ఇంజన్ తిరుగుతున్నది. దూరంనుంచే విన్నాడు. స్క్రూడ్రైవర్ పెట్టాడు, ఎడమ చెయ్యి ఎత్తాడు. గంగమణి మాట్లాడలేదు గానీ, చెయ్యి ఎత్తినందుకు ముఖం తిప్పుకుంది. అతను ఇంజన్ ఆపించి పక్క తలుపు విప్పాడు. లోపలికి చెయ్యి పెట్టి, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్‌ను పట్టుకుని ఊపాడు. రాడ్ ఊగింది. ఊగిన శబ్దం చిన్నదే, అయినా పసుపు పోసే కూలీ నీలవ్వ కూడా విని దగ్గరికి వచ్చింది.

"బేరింగు పోయింది. క్రాంకు గూడ అరిగింది. నిజామాబాద్ పంపి క్రాంకు రుద్దించాలె. సీజన్ల గాడ లైను ఉంటది. పది పన్నెండు దినాలు."

"పది దినాలు ఆపరాదు."

"ఆపకు. అదే ఆగుతది."

గంగమణి కల్లం మూలకు చూపించింది. అక్కడ బస్తాలు వరుసగా పేర్చి ఉన్నాయి. "గవి భూమేశ్వర్‌యి. ఎనభై బస్తాలు. గాయన ఎనకాల ఇంకా ముగ్గురున్నరు. ఇంజన్ ఆగిందంటే రేపు పొద్దుగాల ట్రాలీ తెచ్చి ఎత్తుకపోతడు. ఆయన వోతే ముగ్గురూ వోతరు. వచ్చే ఏడు ఎవడూ నా కల్లం మొకం సూడడు."

"గది నీ లొల్లి. ఇనుపదాని లొల్లి నేను జెప్పిన."

"ఇన్ని దినాల సంది నేను దీని గొంతు ఇనుకుంటనే నడుపుతున్న. ఒకటిన్నర బస్తా పోస్తే మెత్తగ కొడ్తది. రెండు పోస్తే గట్టిగ కొడ్తది. అప్పుడు తీస్త. గిట్లనే పదిహేను దినాలు నడిస్తె సాలు. గా చప్పుడు జర తక్కువ జెయ్యరాదా? రైతులు ఇని భయపడ్తున్నరు."

"చప్పుడు తక్కువ జేసేటోని దుకాణం రోడ్డు అవుతల ఉన్నది."

"అదే అంటున్న." గంగమణి చేతులు కొంగుకు తుడుచుకుంది. "పాండురంగం సేటు ఒక్క దినంల తీస్తడంట. ఊరంత చెప్తున్నరు. గంత పేరున్న మేస్త్రివి, నీకు పది దినాలు కావాలె. గా డబ్బాకున్న ఇద్దె నీకు లేకపాయె."

నీలవ్వ నవ్వింది. పక్కన ఇంకో కూలీ నవ్వాడు.

ముత్తెన్న పక్క తలుపు బిగించాడు. బోల్టు బోల్టుకూ ఎక్కువ సేపు తీసుకున్నాడు. లేచి సైకిల్ పట్టుకున్నాడు.

"ఎల్లుండి మాపటికి చప్పుడు ఉండది. డబ్బా లేకుంటనే."

ఆ మాట అన్నప్పుడు అతని దగ్గర ఉపాయం ఏమీ లేదు. షెడ్డుకు చేరేదాకా వెతికాడు. అరిగిన ఇనుమును విప్పకుండా ఒక్క రోజులో నింపే పని మేస్త్రి చేతిలో లేదు. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాళ్లు ఆర్మూర్‌లో లేరు.

మర్నాడు నిజామాబాద్ బస్సెక్కాడు. బస్టాండు వెనక ఎవరూ తనను ఎరగని దుకాణం ఒకటి చూసుకున్నాడు. రెండు డబ్బాలు అడిగాడు. ఏ ఇంజన్‌కు అని దుకాణదారు అడిగాడు. ముత్తెన్న చెప్పలేదు. లీటరు గేర్ ఆయిల్ కూడా తీసుకున్నాడు. తొంభై నంబరు, గేర్లకు తప్ప ఇంజన్‌కు పొయ్యకూడనిది. సంచి మూతి కట్టి, మాక్లూర్ మీదుగా తిరిగి వచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

మూడో రోజు పొద్దున కల్లానికి వెళ్లి అందరినీ బయటికి పొమ్మన్నాడు.

"నా చేతులు సూసుకుంట కూసుంటే పని గాదు."

గంగమణి పోలేదు. "నా కల్లంలకెల్లి నన్నే పొమ్మంటవా?"

"ఉంటే నువ్వే జేసుకో."

ఆమె కూలీలను తీసుకుని రోడ్డు మీద చింతచెట్టు దాకా వెళ్లి నిలబడింది. ముత్తెన్న పాత ఆయిల్ దింపాడు. రాడ్ బోల్టులు బిగించాడు. వాటిలో వదులు లేదు. ఆ పని ఎందుకు చేశాడో తనకే తెలియదు, బహుశా ఏదో ఒక పని చేసినట్టు ఉండాలని. తర్వాత గేర్ ఆయిల్ పోశాడు. డబ్బాలు పొడిచి వంచాడు. అది తేనెలాగా సాగి, తెగకుండా దిగింది. పూర్తిగా దిగేదాకా డబ్బాను వంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆరేళ్లుగా ఎదుటివాళ్ల చేతుల్లో చూసి తిట్టిన పని. తన చేతులకు అది కొత్తగా ఏమీ లేదు.

ఇంజన్ తిప్పాడు. మొదట కొట్టింది. వేడెక్కినకొద్దీ తగ్గింది. అరగంటకు దెబ్బ వినపడలేదు. పొగగొట్టం చప్పుడు, బెల్టు చప్పుడు మాత్రం మిగిలాయి.

గంగమణి చింతచెట్టు కిందనుంచి నడిచి వచ్చింది. ఇంజన్ పక్కన కాసేపు నిలబడి విన్నది.

"మంచిగ జేసినవు," అంది. ఆమె నోట ఆ మాట రావడం ముత్తెన్న మొదటిసారి విన్నాడు. "ఇప్పుడు రెండు బస్తాలు పొయ్యొచ్చా? ఒకటిన్నరనే పొయ్యాల్నా?"

చెప్పాల్సిన జవాబు అతనికి తెలుసు. ఒకటి మాత్రమే పొయ్యి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఈ ఆయిల్ లేవదు, పావుగంట ఊరికే తిప్పి అప్పుడు బెల్టు వెయ్యి. ఇంతకాలం నువ్వు విన్న చప్పుడు ఇక నీకు వినపడదు. కానీ బాగుచేసిన ఇంజన్‌కు ఒకటే ఎందుకని ఆమె అడుగుతుంది. ఆమె అడగకుండా ఉండే మనిషి కాదు.

"ఎప్పటి లెక్కనే," అన్నాడు.

"ఎప్పటి లెక్క అంటే?"

"కొడ్తలేదు గద. రెండు పోసుకో."

తర్వాత అయిదు రోజులు షెడ్డుకు వెళ్లే ముందు మామిడిపల్లి దారిలో కొంతదూరం సైకిల్ తొక్కి, ఒక కాలు నేలమీద ఆనించి దూరంనుంచి విని వెనక్కి వచ్చేవాడు. లోపలికి వెళ్లలేదు. ఆ అయిదు రోజులు షెడ్డులో ఎవరినీ తిట్టలేదని రైతులు గమనించారు. మేస్త్రికి జ్వరమా అని ఒకరు అడిగారు. అప్పుడు తిట్టాడు.

ఇంజన్ మెత్తగా నడుస్తున్నదని గంగమణి పని పెంచింది. ఆరో రోజు తెల్లవారకముందే మొదలుపెట్టింది. ఆ రోజు మంచు పడింది. చాంబర్‌లో ఆయిల్ గడ్డ పెరుగులాగా ఉంది. ఇంజన్ తిరిగీ తిరగగానే బెల్టు వేశారు. డ్రమ్ములో రెండు బస్తాలు నిండా ఉన్నాయి. మునుపైతే మొదటి చుట్టుకే దెబ్బ వినపడి గంగమణి చెయ్యి ఊపేది, కూలీలు సగం తీసేవాళ్లు. ఆ రోజు ఏదీ వినపడలేదు. మూడోసారి డ్రమ్ము నింపినప్పుడు రాడ్ తెగి, ఇంజన్ గోడ పగలగొట్టుకుని బయటికి వచ్చింది. ఎవరికీ తగల్లేదు. పక్కనే పాలిష్ చేసి కుప్పపోసిన భూమేశ్వర్ పసుపు మీద నల్లటి ఆయిల్ పడింది.

ఎడ్లబండి మీద ఇంజన్‌ను షెడ్డుకు తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. భూమేశ్వర్ బండి వెనకే నడిచి వచ్చాడు. మాక్లూర్ వైపు రైతు, నిబ్బరంగా ఉండే మనిషి. ఆ రోజు అతని చేతిలో నూనె పట్టిన పసుపు కొమ్ము ఒకటి ఉంది. పోయేవాళ్లందరికీ చూపిస్తున్నాడు. షెడ్డు ముందు పదిమంది చేరారు. పాండురంగం కూడా రోడ్డు దాటి వచ్చి, చొక్కాకు ఏదీ తగలకుండా కొంచెం దూరంగా నిలబడ్డాడు.

ముత్తెన్న అడుగు బోల్టు విప్పాడు. విప్పకుండా ఉండే వీలు లేదు. ఆయిల్ జారలేదు. వేలాడింది.

భూమేశ్వర్ వంగి చూశాడు. "గిది ఆయిలా, పాకమా?"

జనం ముందుకు జరిగి చూశారు.

"ముత్తెన్న డబ్బా ముట్టడు. గది ఆర్మూర్ల ఎవల్నడిగినా చెప్తరు." భూమేశ్వర్ గంగమణి వైపు తిరిగాడు. "మేస్త్రి మంచిగ జేసి ఇచ్చినంక నువ్వు డబ్బా పోసినవు. చప్పుడు ఇంకింత తక్కువ కావాలె, డ్రమ్ము ఇంకింత నిండాలె. ఆశ. నీ ఆశకు నా పసుపు ఖరాబైంది."

"నేను పొయ్యలే," అంది గంగమణి.

"మరి ఆకాశంలకెల్లి పడ్డదా?"

"నా దుకాణంల ఆమె అడుగు పెట్టలే," అన్నాడు పాండురంగం.

"దుకాణం నీదొక్కటేనా దునియల?"

గంగమణి ముత్తెన్న వైపు చూసింది. అప్పటిదాకా ఆమెకు అనుమానం లేదు. అతను తల ఎత్తకపోవడం చూశాక అనుమానం పుట్టింది. "ముత్తెన్నా. నువ్వు చెప్పు."

"ఏం చెప్పాలె? రాడ్ తెగింది. ఆయిల్ సిక్కగున్నది. అందరు సూస్తున్నరు."

"ఎవలు పోసిన్రు?"

ముత్తెన్న బోల్టును గుడ్డతో తుడిచాడు. "ఇంజన్ నీ కల్లంల ఉండె."

గంగమణి అతని దగ్గరికి నడిచింది. అరవకుండా అంది. "రెండు బస్తాలు పొయ్యమన్నది ఎవలు? అందర్ని రోడ్డు మీదికి ఎల్లగొట్టింది ఎవలు? నీ చేతులు వాసన సూసుకో."

"ఊరంత ఎరుగుదురు గాయన సంగతి," అన్నాడు భూమేశ్వర్. "నీది కప్పుకునేటందుకు గాయన మీద బురద సల్లకు. రేపు పొద్దుగాల ట్రాలీ తెస్త. నా బస్తాలు నేను కొండవోత. ముగ్గురికి గూడ చెప్త."

జనం విడిపోయారు. గంగమణి కాలినడకన వెళ్లిపోయింది. పాండురంగం అందరికంటే చివర మిగిలాడు. కిందపడిన ఆయిల్‌ను చూపుడువేలి కొసకు అంటించుకుని వెలుగులో పెట్టి చూశాడు. తొమ్మిదేళ్లలో అతని వేలికి నూనె అంటడం ముత్తెన్న అప్పుడే చూశాడు.

"నా డబ్బాల సరుకు ఎర్రగుంటది," అన్నాడు పాండురంగం. "గిది వేరే కంపెనీ. ఆర్మూర్ల దొరకది."

ముత్తెన్న పానాలు సర్దుకున్నాడు.

"నేనేం అంటలే," అని పాండురంగం వేలు గోడకు రాసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మంగవ్వ జొన్నరొట్టెలు చేసింది. కంచం అతని ముందు పెట్టకుండా గోడ దగ్గర పెట్టింది. అతనే జరిగి కూర్చోవాల్సి వచ్చింది.

"గా దినం నిజామాబాద్ ఎందుకు వోయినవు?"

"పనుండె."

"సంచిల రెండు డబ్బాలుండె. ఖాళీయి. నేనే పెంటల పారేసిన."

అతను రొట్టె తుంచాడు.

"ఊరోళ్లను నిలవెట్టి, డబ్బా నేనే పోసిన అనిపిస్తివి. ముసలోళ్లని గూడ ఇడువలే." మంగవ్వ గొంతు పెంచలేదు. "నా మీద ఒర్రుతవు, నాకలవాటే. గంగమణి మీద గూడ ఒర్రితె ఒర్రినవనుకుందు. ఒర్రలే. సప్పుడు జెయ్యకుంట ఆమె కొంపల నిప్పు వెట్టి వచ్చినవు."

"నోరు ముయ్."

"మూస్త. నేనెవ్వలకు చెప్ప. నేను చెప్తె ఇంట్ల లొల్లి అనుకుంటరు. పొద్దుగాల ట్రాలీ వస్తదంట. ట్రాలీ వోయినంక చెప్పినా ఎవలకు పనికిరాదు."

ఆమె కూర వడ్డించలేదు. అతను అడగలేదు.

తెల్లవారి ముత్తెన్న షెడ్డు తియ్యలేదు. సైకిల్ కూడా తియ్యలేదు. మామిడిపల్లి దారిలో నడిచాడు. కల్లానికి వెళ్లేసరికి ట్రాలీ వచ్చి ఉంది. ఇరవై బస్తాల దాకా ఎక్కాయి. గంగమణి డ్రమ్ముకు వీపు ఆనించి నిలబడి చూస్తున్నది. మిగతా ముగ్గురు రైతుల్లో ఇద్దరు కూడా ఉన్నారు.

ముత్తెన్న ట్రాలీ ముందు నిలబడ్డాడు.

"జరగు మేస్త్రీ," అన్నాడు భూమేశ్వర్.

"డబ్బా నేనే పోసిన."

భూమేశ్వర్‌కు అర్థం కాలేదు. "ఏ డబ్బా?"

"గంగమణి ఇంజన్ల. రెండు డబ్బాలు. లీటర్ తొంభై నంబరు. నిజామాబాద్ వోయి తెచ్చిన. బేరింగు మార్చలే. ఏం జెయ్యలే. రెండు బస్తాలు పొయ్యమన్నది గూడ నేనే."

బస్తా మోస్తున్న మనిషి బస్తాతోనే ఆగిపోయాడు.

"నువ్వా?" భూమేశ్వర్ అతని ముఖంలోకి చూశాడు. "ఎందుకు పోసినవు?"

ముత్తెన్న ట్రాలీ ముందునుంచి జరగలేదు.

"నిన్న పదిమందిల నా నోటితోని ఆమెను అనిపిస్తివి. నేను నీ దిక్కు మాట్లాడితె ఇనుకుంట నిలవడ్డవు." భూమేశ్వర్ ఉమ్మేశాడు. ఉమ్ము ముత్తెన్న చెప్పుల పక్కన పడింది. "థూ నీ మేస్త్రితనం."

గంగమణి డ్రమ్ము దగ్గరనుంచి కదల్లేదు. "ఇంకోసారి చెప్పు. నీలవ్వకు ఇనవడలే."

నీలవ్వ అక్కడే ఉంది, వింటూనే ఉంది. ముత్తెన్న ఇంకోసారి చెప్పాడు.

"నిన్న ఏడ అన్నరో గాడ గూడ చెప్పు."

"చెప్త."

"ఇంజన్ చేసేదాక నా కల్లంల అడుగువెట్టకు. చేసినంక గూడ పెట్టకు. ఇంజన్ తెచ్చేటందుకు బండి పంపుత."

భూమేశ్వర్ ట్రాలీ వైపు, కల్లం మూలన ఉన్న బస్తాల వైపు చూశాడు. ఇంజన్ ఎన్ని రోజులకు వస్తుందని గంగమణిని అడిగాడు, ముత్తెన్నను కాదు. డ్రమ్ముకు చేత్తో తిప్పే పిడులున్నాయి, నలుగురు మనుషులను పెట్టి తిప్పుతా, రోజుకు ఎన్నయితే అన్ని, అంది ఆమె. అతను బస్తా మోసే మనిషికి దించమని సైగ చేశాడు.

ముత్తెన్న వచ్చిన దారినే నడిచాడు. ఎండ ఎక్కింది. పాండురంగం దుకాణం ముందు ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. బెల్టు కొనడానికి వచ్చినవాళ్లు, ఊరికే వచ్చినవాళ్లు. షెడ్డు పెట్టిన తొమ్మిదేళ్లలో అతను ఆ దుకాణం మెట్టు ఎక్కలేదు. ఇప్పుడు కూడా మెట్టు కిందనే నిలబడి, గంగమణి ఇంజన్‌లో డబ్బాలు పోసింది తనేనని మూడోసారి చెప్పాడు. అందరూ పాండురంగం వైపు చూశారు.

పాండురంగం ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. వెలిగించి, మంట ఊది, గోడకున్న రంధ్రంలో గుచ్చి, అప్పుడు తిరిగాడు.

"నిజామాబాద్ దాక ఎందుకు వోయినవు ముత్తెన్నా? నన్నడుగుతె ఇయ్యకపోతునా? మంచి కంపెనీది ఇస్తుంటి."

అందరూ నవ్వారు. ముత్తెన్న నవ్వు ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత రోడ్డు దాటి షెడ్డు తీసి, గంగమణి ఇంజన్ ముందు కూర్చుని, హెడ్డు నట్లు విప్పడం మొదలుపెట్టాడు.